మైకులో ఈల

"ఇది మైకా, పిల్లనగ్రోవా? ముందు అది తేల్చండి!"

తల్లి సంచీలోంచి పెట్టె తీసి కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. వెనకాలే వచ్చిన కూతురు, "మెల్లగా అమ్మా, అందరూ చూస్తున్నారు" అని గొణిగింది.

"చూడనీ! ఈయన కొట్టు తీసుకెళ్లి మూడో అంతస్తులో పెట్టాడు. ఆ మెట్లు కట్టినవాడు మనుషుల్ని చూసి కట్టలేదు, ఒంటెల్ని చూసి కట్టాడు!"

మెట్ల మలుపు వచ్చిన ప్రతిసారీ ఆగి, కట్టినవాణ్ణి ఒక విడత తిట్టాకే ఆమె పైకి వచ్చింది. అయినా కోపం చల్లారలేదు.

కొట్టతను కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మళ్లీ ఈలేనా మేడమ్?"

"మళ్లీ ఈలే! మొదటిదాంట్లో ఈల. మార్చి ఇచ్చారే, దాంట్లోనూ అదే ఈల. మేం చవకది అడిగాం, చచ్చుది అడగలేదు!"

కూతురు దుకాణాలకి ప్రకటనలు చదివి రికార్డు చేసి పంపుతుంటుంది. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఒక పరుపుల కంపెనీ ఏడాది పొడుగునా పని ఇస్తామంది, గొంతు శుభ్రంగా వినిపిస్తేనే. అందుకే ఈ మైకు. రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిప్పి పంపారు. "మా పరుపు మీద హాయిగా నిద్రపడుతుందని చెప్పమన్నాం గానీ, పక్కన దోమ పాడుతుందని చెప్పమనలేదు" అన్నాడట మేనేజరు. సాయంత్రంలోగా సరైనది రాకపోతే వేరే గొంతు చూసుకుంటారట.

ఇక ఇంట్లో చేయని పని లేదు. ఫ్యాన్ ఆపారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకారు. కిటికీ సందుల్లో పాత దుప్పట్లు కుక్కారు. పై వాటా కుక్కర్ మీద అనుమానంతో తల్లి వాళ్లతో పోట్లాట కూడా పెట్టుకుంది. ఈల మాత్రం వదల్లేదు.

"ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లకి ఇంతకు మించింది లేదు మేడమ్" అన్నాడు కొట్టతను, ఓపిక పట్టి. "ఖరీదైనవి గదంతా వింటాయి, వాటితో మీకు ఇంకా తలనొప్పి. ఇది తన ఎదురుగా ఉన్నదే వింటుంది. దాని వీపు వెనక పిడుగు పడినా పట్టించుకోదు."

"ఎదురుగా ఉండేది మా పిల్ల! అంటే మా పిల్ల గొంతులో ఈల ఉందంటారా?" అని అరిచింది తల్లి. అరిచిన మరుక్షణమే గిరుక్కున తిరిగి కూతురి గడ్డం పట్టుకుంది. "ఏదీ, నోరు తెరువు. మింగితే నొప్పిగా ఉందా? చల్లనీళ్లు తాగొద్దంటే వింటావా!"

"వదులమ్మా! పోయిన వారం ఒక్క తుమ్ముకి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లావు, ఆయన నవ్వి పంపించాడు. ముందు నీ సంగతి చూసుకో. బెంగతో రాత్రంతా గోడకి జారబడి కూర్చునే నిద్రపోతున్నావు."

"నాకేం, దుక్కలా ఉన్నాను!"

కొట్టతను మైకు తీసుకుని పక్కనున్న అద్దాల గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, మైకులో నాలుగు ముక్కలు మాట్లాడి, తెచ్చి వినిపించాడు. "చీమ చిటుక్కుమన్న చప్పుడైనా ఉందా?"

"మీ ముందు బుద్ధిగానే ఉంటుంది, మాయదారిది. మా ఇంటికి రాగానే కూస్తుంది!"

"అయితే ఇంట్లో ఎలా కూర్చుంటారో ఇక్కడా అలాగే కూర్చోండి. తేల్చేద్దాం."

కూతురు లోపలికి వెళ్లి మైకు ముందు కూర్చుంది. తల్లి కూడా వెళ్లి కూతురి వెనక గోడకున్న స్విచ్ బోర్డు దగ్గర నిలబడింది.

"మీరెందుకు మేడమ్?"

"ఎందుకేంటి? కరెంటు వస్తువు మూతి దగ్గర పెట్టుకుని మాట్లాడుతోంది పిల్ల. షాకు కొడితే ఎవరు ఆపుతారు, మీరా? ఇంట్లో కూడా నేనే కాపలా. స్విచ్ మీద వేలు పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కిక్కురుమనకుండా ఉంటాను. కావాలంటే దాన్నే అడగండి!"

కూతురు మొదలుపెట్టింది. "రోజంతా అలసిపోయిన మీ నడుముకి..."

తనూ లోపలికొచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కొట్టతను కనుబొమలు ముడిచాడు. "ఉంది. ఈల ఉంది."

"నేను చెప్పలా!" ఎగిరి గంతేసినంత పని చేసింది తల్లి.

ఉష్, అన్నట్టు అతను వేలు చూపించాడు. మైకు చేతిలోకి తీసుకుని నెమ్మదిగా పైకప్పు వైపు తిప్పాడు. తలుపు వైపు తిప్పాడు. కూతురి వైపు తిప్పాడు. స్విచ్ బోర్డు వైపు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"చూశారా, కరెంటే! మీ వైర్లే! నేను భయపడింది ఊరికే కాదు!"

అతను హెడ్‌ఫోన్లు తీసి కూతురి చెవులకి పెట్టాడు. వింటున్నకొద్దీ ఆ పిల్ల మొహంలో రంగు మారింది.

"ఏం, ఇద్దరికీ నోళ్లు పడిపోయాయా? తప్పు మీదేనని ఒప్పుకోండి. ఇంకోటి ఇవ్వండి, ఈసారి సరైనది..."

కొట్టతను కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కన వేశాడు. "మీరు ముందు కూర్చోండమ్మా" అన్నాడు. ఇందాకటి విసుగు ఆ గొంతులో లేదు.

"నేనెందుకు కూర్చోవాలి? మెట్లెక్కి ఇంత దూరం వచ్చింది కూర్చోవడానికా?"

కూతురి ఫోన్ మోగింది. పరుపుల మేనేజరు. ఆ పిల్ల ఎత్తకుండానే కట్ చేసి, వచ్చి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా... ఆ ఈల నీ ఊపిరిది."