అంతోనివారి చేతిలో బిడ్డ

“మొన్న పూజ మధ్యలో లేచి అంతోనివారిని బెదిరించింది నువ్వా కాదా?”

ఉపదేశి గుమ్మంలోనే నిలబడి గద్దించాడు. గుడిలో ప్రార్థనలు చెప్పించే ముసలాయన. ఆయన వెనక విచారణ జనం, అంటే ఆ గుడి కిందికొచ్చే ఊరి జనం, సగం మంది ఉన్నారు. అందరికన్నా ముందు, ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో, సబ్బుల ఫ్యాక్టరీ యజమాని. విచారణ సంఘానికి పెద్ద కూడా ఆయనే.

“నేనే. అయితే ఏంటి?” అంది టపాకాయ. ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆమెకు ఆ పేరు పెట్టింది ఈ జనమే.

బెదిరించిన మాట నిజం. పోయినవాటిని వెతికిపెట్టే పునీతుడు అంతోనివారు. ఎంత మొక్కినా ఆయన పలకకపోతే, విగ్రహం చేతిలోని బాలయేసు బొమ్మను తీసి దాచేస్తారు. పని అయ్యాక తిరిగిస్తారు. బిడ్డ కోసమైనా ఆయన కదులుతాడని భక్తుల నమ్మకం. “నా తమ్ముణ్ణి చూపించకపోతే నీ బిడ్డను ఎత్తుకుపోతా” అని ఆమె నిండు గుడిలో అరిచింది. ఈ గురువారం పొద్దున తలుపులు తీసేసరికి అంతోనివారి చెయ్యి ఖాళీగా ఉంది.

“చెక్క బిడ్డ కనపడక గంట కాలేదు, వందమంది దిగారు. నా తమ్ముడు కనపడక ఇరవైరెండు రోజులు. ఒక్కరైనా వచ్చారా?”

“పని మానేసి పోయాడని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?” యజమాని బుజ్జగింపుగా అన్నాడు.

“పోలేదు. మీ బాయిలర్ పేలింది. వెనక షెడ్డులోంచి మూలుగులు వినిపిస్తున్నాయని మీ పనివాళ్లే నా చెవిన వేశారు.”

పోలీసులకు చెప్పింది. పెద్దమనిషి తాళం మేమెలా పగలగొడతాం పొమ్మన్నారు. ఫ్యాక్టరీకి వెళ్తే వాచ్‌మన్ మెడపట్టి గెంటాడు. చివరికి ఉపదేశి దగ్గర ఏడ్చింది. తొమ్మిది రోజులు జపమాల చెప్పుకో అన్నాడాయన, నేల చూపులు చూస్తూ. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“ప్రతి బుధవారం ఆ ఫ్యాక్టరీలో ప్రార్థన చెప్పి, టీ తాగి, మూతి తుడుచుకుని వస్తారు కదా ఉపదేశిగారూ! ఆ షెడ్డులో ఏముందని ఒక్కసారైనా నోరు విప్పారా?”

“ఆ గోల ఇప్పుడెందుకు? ఇల్లు వెతకాలి. జరుగు.”

“వెతుక్కోండి. దొరక్కపోతే?”

“దొరక్కపోతే పక్కిల్లు. ఆ తర్వాత ఆ పక్కది. బాలయేసు దొరికేదాకా ఈ విచారణలో తాళం పడ్డ ప్రతి తలుపూ తెరవాల్సిందే.” ఉపదేశి వెనక్కి తిరిగాడు. “ఏమంటారండీ?”

అందరూ యజమాని మొహం చూశారు. ఆయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. “అంతే మరి! దేవుడి ముందు పెద్దా చిన్నా ఏంటి? నా తాళాలతో సహా!”

జనం చప్పట్లు కొట్టారు.

ఆమె బియ్యం డబ్బా బోర్లించారు. పరుపు చీల్చారు. చచ్చిపోయిన అమ్మ చీరలు నేల మీద పారేశారు. టపాకాయ పళ్లు బిగించి చూస్తూ నిలబడింది. ఏమీ దొరకలేదు. ఒక్కరూ తప్పయిందనలేదు. చీరలు తొక్కుకుంటూ పక్కింటికి పోయారు. ఆమె కూడా వెంటపడింది. తన ఇల్లు తొక్కినవాళ్లు అందరి ఇళ్లూ తొక్కుతారో లేదో చూడాలిగా!

వీధంతా అయింది. యజమాని బంగళా అయింది. ఫ్యాక్టరీ గదులన్నీ అయ్యాయి. ఉపదేశి కాగితం మీద ఒక్కో తలుపూ కొట్టేసుకుంటూ వచ్చి ఆగాడు.

“మిగిలింది వెనక షెడ్డు ఒక్కటే.”

“అందులో కాస్టిక్ సోడా డ్రమ్ములు. తెరిస్తే కళ్లు పోతాయి.” యజమాని నవ్వాడు గానీ, మెడ మీద చెమట పట్టింది.

“తెరవొద్దులెండి. కిటికీలోంచి చూసి పోదాం.”

కిటికీ ఎత్తుగా ఉంది. ఒక తాపీమేస్త్రీ స్టూలెక్కి చువ్వలు పట్టుకుని తొంగిచూశాడు.

“బాలయేసు! గోతాల మీద పడున్నాడు!”

అప్పటిదాకా యజమాని వెనక నడిచిన జనం ఒక్కసారిగా ఆయన మీదికి తిరిగారు. తాళంచెవి మేనేజర్ దగ్గరుంది అన్నాడాయన. మేనేజర్ ఊళ్లో లేడన్నాడు. టపాకాయ ఇక వినలేదు. తాపీమేస్త్రీ సంచిలోంచి సుత్తి లాక్కుంది. మూడో దెబ్బకు తాళం ఊడింది.

డ్రమ్ముల వెనక గోనెపట్టాల మీద ముగ్గురు మనుషులు. కాళ్లకు, మొహాలకు చీము పట్టిన కట్లు. ఫ్యాక్టరీ తనిఖీవాళ్లు వచ్చిపోయేదాకా కిక్కురుమంటే మందు కూడా ఉండదని యజమాని బెదిరించాడట. కట్టు లేని ఒక్క కంటితో తమ్ముడు ఆమెను గుర్తుపట్టాడు.

“అక్కా... నిన్న బాలయేసు పైనుంచి ఊడిపడ్డాడే.”

“అద్భుతం!” అని ఎవరో అరిచారు. జనం మోకాళ్ల మీద పడ్డారు. పోలీసులు వచ్చేదాకా యజమానిని తాపీమేస్త్రీ చొక్కా పట్టుకుని ఆపాడు. ఇప్పుడు మాత్రం జీపు పావుగంటలో వచ్చింది.

ముగ్గురినీ ఆస్పత్రిలో చేర్చి టపాకాయ తిన్నగా గుడికి వచ్చింది. కోపం చల్లారలేదు. ఉపదేశి ఒక్కడే ఉన్నాడు. స్టూల్ మీద నిలబడి బాలయేసును అంతోనివారి చేతిలో కూర్చోబెడుతున్నాడు.

“పరువు తీశావు కదయ్యా నాది! మా అమ్మ చీరలు వందమందితో తొక్కించావు. ఆ అంతోనివారు పలికాడు కాబట్టి సరిపోయింది. నిన్ను నమ్ముకునుంటే నా తమ్ముడు అక్కడే కుళ్లిపోయేవాడు.”

ఉపదేశి తల తిప్పలేదు.

“నిన్న స్టూలెక్కినా ఆ కిటికీ చువ్వల్లో నా చెయ్యి మోచేతి దాకానే దూరిందమ్మా, అక్కణ్ణించే కిందికి వదిలేసేసరికి పాపం బాలయేసు వేలు విరిగింది” అన్నాడు.