నీళ్ల ట్యాంకు కడుపుమంట

బట్టల కొట్టు డాబా మీద ఓ నల్ల నీళ్ల ట్యాంకు ఏళ్ల తరబడి ఎండకు మాడుతూ ఉండేది. దాని పక్కకే సోలార్ ప్యానెళ్లు వచ్చి కూర్చున్నాయి. వాటికి రోజూ పొద్దున్నే స్నానం, ఆపైన మెత్తటి గుడ్డతో తుడవడం. అదీ తన నీళ్లతోనే. ట్యాంకుకు ఒళ్లు మండిపోయింది.

"నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకు ఇంత వైభోగమా? నా మొహం ఏనాడైనా ఎవరైనా తుడిచారా?" అని డాబా మీద వాలే పావురం దగ్గర వాపోయి, ప్యానెళ్లు కడిగే కుళాయి గొంతులో తన పాచంతా కుక్కేసింది.

ప్యానెళ్లకు దుమ్ము పట్టింది. ట్యాంకు మురిసిపోయింది. ఈలోగా కింద కొట్లో వాడకానికి దాని నీళ్లు అడుగంటాయి.

"పిల్లా, నాకు నీళ్లు ఎక్కడం లేదేమే?"

"మోటారు తిరిగితేగా, అత్తా. ఇప్పుడు దాన్ని తిప్పేది ఆ ప్యానెళ్ల కరెంటే," అంది పావురం.



"పోనీలే, వాళ్లకూ స్నానం లేదుగా," అంది ట్యాంకు ఎండిన గొంతుతో.