ఇద్దరికీ ఒకే ఆదివారం

ఊరంతా ఒకేసారి మూతపడకూడదని విజయనగరంలో వీధికో రోజు ఆదివారం సెలవు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఏ వీధికి ఆదివారమైతే ఆ వీధి కొట్ల షట్టర్లు పదింటికి వాటంతటవే లేచి, మధ్యాహ్నం పన్నెండింటికే దిగిపోయేవి. పైడమ్మ గాజుల కొట్టుకి ఆదివారం మంగళవారం నాడు వచ్చేది, మొగుడు సింహాద్రి చెప్పుల కొట్టుకి శుక్రవారం నాడు. వీధుల వరస వారం వారం మార్చడం మొదలుపెట్టడంతో ఆ వారం ఇద్దరికీ గురువారమే పడింది.

మధ్యాహ్నం ఇద్దరూ ఇంట్లో ఉండేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమె వంటింట్లోకి వెళితే అతనూ వెనకే వచ్చి, పప్పుకి పోపు తను పెడతానన్నాడు.

"మీకు పోపు వచ్చా?"

"ప్రతి శుక్రవారం పెట్టుకుంటున్నాను కదే!"

ఇంగువ ఎక్కువైంది. అయినా పైడమ్మ రెండోసారి వడ్డించుకుంది.

అంతలో ఇద్దరి ఫోన్లకీ మున్సిపాలిటీ ప్రశ్న వచ్చింది: కొట్లన్నిటికీ ఒకటే ఆదివారం ఉండాలా? ఆరింటిలోగా చెప్పాలి. పైడమ్మ వేలు 'ఉండాలి' మీదికి వెళ్లి ఆగింది. మంగళవారం మధ్యాహ్నాలు ఒక్కతే కాళ్లు చాపుకుని పడుకోవడం ఆమెకి ఎంతో ఇష్టం. అతనికీ తన శుక్రవారాలు అంతే ఇష్టమేమో, ఎవరికి తెలుసు?

ఆరు దాటింది.

"ఏటి నొక్కావు?" అన్నాడు సింహాద్రి.

"ఏమీ నొక్కలేదు. మీరేం నొక్కుతారో చూద్దామని ఆగాను."

"నేనూ అందుకే ఆగాను."

మళ్లీ అతనే అడిగాడు, "వచ్చే వారం నీకు ఆదివారం ఎప్పుడు?"

"బుధవారం. మీకు?"

"శనివారం," అన్నాడతను. ఇద్దరిలో ఎవరికీ కూర్చున్న చోటినుంచి లేవాలనిపించలేదు.