చెంబెడు నీళ్లు

నాలుగింటి బస్సు మాడుగులపల్లి స్టేజీ దగ్గర ఆగింది. గ్రేస్ ఎక్కి సీట్లో కూలబడింది.

ఫైలు మోసీ మోసీ భుజం ఫెయిలైంది.

"ఇయ్యాల గూడ ఎవ్వలు రాలేదా బిడ్డా?" వెనకే ఎక్కి, పక్కన కూర్చుంటూ అడిగాడు ముసలాయన.

ప్రతి మంగళవారం ఇదే బస్సు, ఇదే సీటు, ఇదే ప్రశ్న. ఇక్కడ ఎక్కుతాడు, వేములపల్లిలో దిగుతాడు. పేరు ఫకీరా అని ఓసారి చెప్పాడు. అంతకు మించి గ్రేస్ అడగలేదు. అడిగే ఓపికుంటే కదా!

"రాలేదు తాతా. రారు కూడా."

గ్రేస్‌ది కోదాడ. 'తోడు' అనే సేవాసంస్థలో ఉద్యోగం. కాళ్లల్లో పట్టులేని పిల్లల్ని తండాల నుంచి మిర్యాలగూడ సెంటర్‌కి తీసుకొచ్చి వ్యాయామం చేయించాలి.

సంస్థ పేరు తోడు. తండాలకి పంపిందేమో ఒంటరిగా!

తోడు పడితే పాలు పెరుగవుతాయి. తోడు లేక గ్రేస్ ఎనిమిది నెలల్లో విరిగిపోయింది.

"పని తెలిసినవాళ్లెవరినైనా నాలుగు రోజులు నా వెంట పంపండి సార్" అని సూర్యాపేట ఆఫీసులో కృపాకర్ సార్‌ని మూడుసార్లు అడిగింది.

"చూద్దామమ్మా" అన్నాడాయన, మూడుసార్లూ.

ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"సాలి అని ఒకామె ఉంది తాతా. ఆమె పాప పూజకి ఐదేళ్లు. ఇప్పుడు మొదలుపెట్టకపోతే కాళ్లు బిగుసుకుపోతాయి, ఇంక నిలబడలేదని డాక్టరమ్మ చెప్పింది. గంటసేపు మొత్తుకున్నాను. 'సూస్త మేడం' అంటుంది. అందరూ చూసేవాళ్లే!"

"కుర్సీ ఏసిన్రా?"

"వేశారు. కూర్చున్నాను."

"నీళ్లిచ్చిన్రా?"

"ఇచ్చారు. వద్దన్నాను. నా బాటిల్ నాకుందిగా."

ముసలాయన దగ్గాడు. దగ్గు ఆగేదాకా గొడుగు పట్టుకుని వంగి కూర్చున్నాడు.

"గదే తప్పు బిడ్డా. సొంత నీళ్లు తెచ్చుకునేటోళ్లు సర్వే సార్లు. రాసుకొని పోతరు, మల్ల రారు. ఇంట్ల చెంబు నీళ్లు తాగినోళ్లే మనోళ్లు. వచ్చే వారం ఫైలు సంచిల పెట్టు. కింద కూసో. ముందుగాల నీళ్లడుగు."

"అడిగి రిపోర్టులో ఏం రాయమంటావు? నీళ్లు తాగితిని అనా? నా ముందు చేసినాయన ఒక్క రిపోర్టు సరిగ్గా రాయలేదంట. ఆ తిట్లు కూడా ఇప్పుడు నాకే పడుతున్నాయి."

"గట్లనా? ఎవడో పనికిరానోడున్నట్టున్నడు" అని ముసలాయన కిటికీలోంచి బయటికి చూశాడు.

వేములపల్లి వచ్చింది. దిగిపోయాడు.

గ్రేస్ బ్యాగులో సీసా పక్కన ఓ కాగితం ఉంది. రాజీ పడీ పడీ చివరికి రాసుకున్న రాజీనామా.

ఎలాగూ మానేసేదే. ఆ ముచ్చటా చూద్దామనుకుంది.

పై మంగళవారం ఫైలు బయటికి తియ్యలేదు. సాలి కుర్చీ తెస్తే పక్కకి జరిపి గడప పక్కన నేల మీద కూర్చుంది.

"సాలమ్మా, దాహంగా ఉంది. కాసిని నీళ్లిస్తావా?"

సాలి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. లోపలికెళ్లి చెంబు తెచ్చింది. చెంబు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

"బస్సు ఎన్నింటికి మేడం?"

"ఏ బస్సు?"

"మిర్యాలగూడ బస్సు. పిల్లను తయారు చేస్త."

ఆఖరి గుక్క గ్రేస్‌కి పొలమారింది.

ఆరోజు పన్నెండింటి బస్సుకే వెళ్లిపోయారు. నాలుగింటి బస్సు ముసలాయనకి చెప్పడం కుదరలేదు.

పై వారం ఎక్కి చూస్తే పక్క సీటు ఖాళీ. ఆ పై వారమూ ఖాళీయే.

మూడు నెలలు తిరిగేసరికి నలుగురు తల్లులు సెంటర్‌కి వస్తున్నారు. రాజీనామా కాగితం వెనక వాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కాయి. పూజ కమ్మీ పట్టుకుని పది లెక్కపెట్టేదాకా నిలబడింది. గ్రేస్ వీడియో తీసింది. అలిసిపోయిన ముఖంతోనే నవ్వింది. పై మంగళవారం సాలి ఇంటి గడప పక్కన కూర్చుని ఆ వీడియో పెట్టింది.

"సాలమ్మా, ఫకీరా అనే తాత నీకేమైనా తెలుసా? ఈ వీడియో ఆయనకి చూపించాలి. నీళ్లడగమని నాకు చెప్పింది ఆయనే."

చెంబు అందిస్తున్న సాలి చెయ్యి ఆగింది.

"పోయిండు గద మేడం. పూజను మొదటిపారి తోలుకపోయిన గా వారంలనే. దమ్ము బీమారి. నీకెవ్వలు చెప్పలేదా?"

"నాకెవరు చెప్తారు? బస్సులో పరిచయం, అంతేగా."

సాలి వింతగా చూసింది.

"బస్సుల పరిచయమేంది? నీ ముందు ఇరవై ఏండ్లు గీ పని చేసింది ఆయనే. రాత పని రాదని ఆఫీసోళ్లు తీసేసిన్రు. ఆయన తర్వాత మా ఇంట్ల నీళ్లడిగింది నువ్వే."

'పనికిరానోడు' అంటూ ఆయన ముఖం తిప్పుకున్న ఆ కిటికీ గ్రేస్‌కి గుర్తొచ్చింది.

ఫోన్‌లో పూజ లెక్కపెడుతూనే ఉంది. ఒకటి... రెండు... మూడు...

"వేములపల్లిలో ఏదో పనుండి వచ్చేవాడనుకున్నాను సాలమ్మా."

"ఏం పని మేడం? దిగుడు, రోడ్డు దాటుడు, ఎదురు బస్సెక్కి మాడుగులపల్లికి మల్లుడు. దమ్ముతోటి గీ తిప్పలెందుకు తాతా అంటే, 'నా జాగల కొత్త పిల్లొచ్చింది, ఒక్కతే ఉన్నది, వేములపల్లి దాక జర తోడు పోయొస్త' అనేటోడు."