గడిలో సున్నా

"ఆ గడిలో సున్నా వెయ్యండి మేడమ్. ఎరుపు పోయి పచ్చ వస్తుంది. రేపు పొద్దున్నే మందు కొట్టేస్తాం," అన్నాడు కంపెనీ మనిషి లక్ష్మీప్రసాద్.

వెన్నెల ల్యాప్‌టాప్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కాఫీ తోటల కోసం కంపెనీ తెచ్చిన కొత్త నానో రాగి మందు అది. అందులోని రేణువులు కంటికి ఆనవు. అవి ఆకు మీద నుంచి ఎక్కడెక్కడికి చేరతాయో, ఎవరికి హాని చేస్తాయో, మందు కొట్టకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. వాగు నీళ్లకు పచ్చ వచ్చింది, అంటే హాని లేదని. చేపలకు, తేనెటీగలకు కూడా పచ్చే. ఎరుపు ఒక్కచోటే. చెట్ల మీది ఎర్రచీమల ఒంట్లో ఆ రేణువులు పేరుకుంటాయి. ఆ చీమల్ని తరచూ తినే మనుషులకు ప్రమాదం. వారానికి ఎన్నిసార్లు తింటారన్న గడిలో వెన్నెల రెండు వేసింది.

"చీమల్ని తినే మనుషులేంటి మేడమ్, ఏ కాలంలో ఉన్నారు?" లక్ష్మీప్రసాద్ నవ్వి, అరుగు మీది రైతుల వైపు తిరిగాడు. "ఏం సోంబరూ, మీరు చీమలు తింటారా?"

కాఫీ రైతుల సంఘం పెద్ద సోంబరు తల దించుకున్నాడు. "నేదు సార్. ఎప్పుడో తాతలనాడు."

మిగతావాళ్లూ నేలచూపులు చూస్తూ తలలూపారు. వెన్నెలకు కోపం రాలేదు. ఆమెదీ కొండ ఊరే. చిన్నప్పుడు అనంతగిరి హాస్టల్లో తోటిపిల్లలు 'చీమలు తినే గుంట' అని ఏడిపించినప్పుడు తనూ ఇలాగే నేదంది.

"విన్నారుగా. తినే మనిషిని ఒక్కణ్ణి చూపించండి, మందు డ్రమ్ములు దించకుండా బండి వెనక్కి తిప్పేస్తాను," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"మాట మీద ఉంటారా సార్?" అంది వెన్నెల.

"ఇంతమంది వింటున్నారు కదా."

లోపల రోటి చప్పుడు ఆగింది. "కూడు సల్లారిపోతంది, బేగి రండి," అని సోంబరు భార్య ముత్యాలమ్మ కేకేసింది. వెన్నెల ల్యాప్‌టాప్ మూసి లేచింది.

అడ్డాకు విస్తళ్లలో వేడన్నం, పప్పు, పక్కన ఎర్రటి పచ్చడి. లక్ష్మీప్రసాద్ ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ, ఏం పులుపమ్మా. చింతచిగురా?"

"కొండ పచ్చడి బాబూ."

మళ్లీ వేయించుకున్నాడు. పప్పు జోలికే పోలేదు. మూడోసారి గిన్నె తన వైపే లాక్కున్నాడు. సోంబరు బెదురుగా వెన్నెల వంక చూశాడు. ఆమె నిదానంగా తన అన్నం తను కలుపుకుంటోంది.

"మా ఆవిడకి కాస్త కట్టివ్వమ్మా. ఇక ఈ కొండెక్కినప్పుడల్లా నీ చేతి పచ్చడే."

"రేపు మందు కొట్టీసినాక ఇంక నూరను బాబూ," అంది ముత్యాలమ్మ.

"అదేం? మందుకీ పచ్చడికీ ఏంటి సంబంధం?"

ముత్యాలమ్మ సిగ్గుపడుతూ పెరట్లో పనసచెట్టు చూపించింది. ఆకులు కుట్టి కట్టిన గూడు ఒకటి కొమ్మ చివర వేలాడుతోంది. దాని చుట్టూ ఎర్రగా బారులు కదులుతున్నాయి.

లక్ష్మీప్రసాద్ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

వెన్నెల ఎడమచేత్తో పక్కనున్న ల్యాప్‌టాప్ తెరిచింది.

"మీరడిగిన మనిషి దొరికాడు సార్. ఇప్పుడు ఆ గడిలో ఎంత వెయ్యమంటారు?"