మూడు పాయింట్ తొమ్మిది

గుండె డాక్టరు తెర మీదికొచ్చిన రిపోర్టుకు 'నార్మల్' కొట్టి పంపించారు. అర నిమిషంలో అది తిరిగొచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తిరిగొచ్చింది.

విసుగ్గా ఫోనెత్తి కింది అంతస్తులోని ఎకో గదికి కలిపారు. అక్కడ గుండెకు స్కాన్ తీసే టెక్నీషియన్‌ను, ఊడ్చే ముసలాయన దగ్గర్నుంచి డాక్టరు దాకా ఆస్పత్రంతా 'అక్క' అనే పిలుస్తుంది.

"అక్కా, మిషన్‌కేమైనా పిచ్చిపట్టిందా? పంపింది పంపినట్టు వెనక్కొస్తోంది."

"మిషన్ బాగానే ఉంది సార్. నేనే వెనక్కి పంపుతున్నాను."

స్పీకర్లో పెట్టినట్టుంది, గొంతు దూరంగా వినిపించింది.

డాక్టరు మరోసారి తెర చూశారు. ఎప్పుడూ వినని పేరు. వయసు నలభై నాలుగు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం వెడల్పు మూడు పాయింట్ తొమ్మిది సెంటీమీటర్లు.

"నాలుగు దాటితేనే కదా మనకి ఎర్ర అక్షరాలొచ్చేది?"

"ఎవరికి సార్ నాలుగు? ఆరడుగుల మనిషికి. ఈవిడ ఎత్తు చూశారా? నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. బరువు నలభై కిలోలు. దేవుడు అందరినీ ఒకే కొలతకి కుట్టలేదు కదా."

డాక్టరుకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. బయట పద్దెనిమిది మంది కూర్చుని ఉన్నారు.

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఎదురు చెప్పలేదు మీరు. ఇవాళేం వచ్చింది?"

"ఇరవై ఏళ్ళదీ కలిపి ఇవాళ చెబుతున్నాననుకోండి."

"బొమ్మ కూడా వణుకుతోంది. మీరు తీసినట్టే లేదు."

"చెయ్యి మెలిపడింది సార్. మళ్ళీ తీస్తాను. ఊపిరి బిగపట్టాలి, ఉండండి."

కాసేపు ఫోన్లో చప్పుడు లేదు. తెర మీద నలుపు తెలుపుల్లో రక్తనాళం కదిలింది. గోడ నుంచి గోడకు సన్నటి గీత పడింది. మూడు పాయింట్ తొమ్మిది. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశారా, అదే అంకె. రాసేస్తున్నా, నార్మల్."

"వాళ్ళమ్మ నలభై ఆరో ఏట వంటింట్లో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది సార్. పోయినేడు చెల్లెలు బస్టాపులో. ఇద్దరికీ చిట్లింది ఈ నాళమే. చెల్లెలి కాగితం మీదా నార్మల్ అనే ఉంది."

డాక్టరు వేలు మీట దగ్గర ఆగింది.

"మీరు నార్మల్ అంటే ఈ ఫైలు బీరువాలోకి పోతుంది. పెద్దదైంది అంటే సీటీ స్కాన్ తీస్తారు, బీపీకి మాత్రలిస్తారు, ఆర్నెల్లకోసారి పిలిచి చూస్తారు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా."

"ఇవన్నీ పేషెంటు ముందే మాట్లాడుతున్నారా?"

"ప్రతి మాటా వింటోంది సార్."

"ఏడుస్తోందా?"

"ఏడ్చే రకం కాదు."

"నేను రాయనంటే?"

"రాసేదాకా వెనక్కి పంపుతూనే ఉంటాను. మీ వేలికి నొప్పి పుట్టాలి గానీ నా వేలికి పుట్టదు."

డాక్టరు ఫోను బల్ల మీద పెట్టి సొరుగు లాగారు. ఒంటి కొలతను బట్టి నాళం ఎంత ఉండాలో చెప్పే పట్టిక అడుగున ఎక్కడో ఉంది. దుమ్ము దులిపారు. చిన్న ఒళ్ళున్న వాళ్ళ గడి వెతికి వేలు పెట్టారు. ఆ ఒంటికి మూడుంపావే ఎక్కువ.

ఇన్నేళ్ళలో ఇలాంటి పొట్టి మనుషులకు ఎందరికి నార్మల్ కొట్టి ఉంటానో అనుకున్నారు. లెక్క అందలేదు.

తర్వాత 'నార్మల్' అన్న మాట చెరిపేసి, 'రక్తనాళం పెద్దదైంది. వెంటనే సీటీ తీయాలి' అని రాసి సంతకం పెట్టారు.

ఈసారి రిపోర్టు తిరిగి రాలేదు.

కాగితం అచ్చు తీసుకుని, ఆవిడకు తనే విషయం చెప్పాలని మెట్లు దిగారు. ఎకో గది బయట బెంచీ మీద ఎవరూ లేరు. తలుపు తట్టారు.

"ఒక్క నిమిషం సార్" అంది అక్క. ఆ నిమిషం కాగానే, "రండి" అంది.

"ఏదీ ఆవిడ?" అంటూ డాక్టరు లోపలికి వచ్చారు.

గదిలో ఇంకెవరూ లేరు. అక్క మెడ కింద ఇంకా అంటుకునే ఉన్న స్కాన్ జెల్లు దూదితో తుడుచుకుని, తన తెల్లకోటు పై బొత్తాం పెట్టుకుంటూ, పేషెంటు మంచం మీంచి దిగి ఆ కాగితం కోసం చెయ్యి చాచింది.