అక్కర్లేని పేజీ

పొద్దున్నుంచీ మబ్బు కదల్లేదు. వాన పడదు, ఎండ రాదు.

అన్న వీధి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తమ్ముడి ఫోనూ అదే జేబులోకి పోయింది.

"మీ వదిన ఎక్కడికి పోయిందో ఈ కంప్యూటర్లో ఉంది. తియ్యి."

వదిన పొద్దున్నే వెళ్లిపోయింది, విరిగిన చెయ్యి గుడ్డతో మెడకు కట్టుకుని. వెళ్లేముందు ఎవరిదో మెయిల్ చదివి చెరిపేసింది. రమ్మన్న వాళ్ల చిరునామా అందులోనే ఉంది.

"చెరిపేసింది కదన్నా."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. చెరిపినా ఏదో మూల ఉంటుందని మొన్న పెళ్లిలో గొప్పలు పోయింది నువ్వేగా?"

తమ్ముడు కంప్యూటర్ ముందుకు జరిగాడు. కూర్చున్నాడు. అన్న ఊపిరి మెడకు తగులుతోంది.

"ఆ మెయిల్ ఉన్న మెమరీ పేజీ ఇక నాకు అక్కర్లేదని మెయిల్ ప్రోగ్రాం కెర్నెల్‌కి చెప్పేసింది. ప్రోగ్రాములన్నిటికీ మెమరీ పంచిపెట్టేది కెర్నెలే. చెప్పగానే పారేయదు. విని ఊరుకుంటుంది."

"మీ వదిన నా మాట విన్నట్టు."

అన్న ఒక్కడే నవ్వాడు.

"మిషను ఆపితే మెమరీ అంతా పోతుందని నాకూ తెలుసు. ఆపావో, వేళ్లు విరుస్తా. నీవల్ల కాకపోతే సాయంత్రం కంప్యూటర్ షాపతను వస్తాడు."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ అంది: "పోయినదాన్ని పోనియ్యండ్రా."

"నువ్వు లోపలికి పో!"

తమ్ముడు ఒక విండో తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. ఫొటోలు, పటాలు, పెళ్లి వీడియో.

"పెళ్లి వీడియో ఎందుకురా?"

"ఎక్కడ నక్కిందో ఏం తెలుసు? అన్నీ గాలించాలి."

తెరిచిన విండోలు పన్నెండయ్యాయి. కంప్యూటర్ లోపలి ఫ్యాను రొద పెట్టింది. తెరమీద బాణం నత్తలా పాకుతోంది.

"అదీ, నా తమ్ముడంటే!" భుజం చరిచాడు అన్న.

"అవును, నీ తమ్ముడే," అంది అమ్మ. ముఖం తిప్పేసుకుంది.

చివరికి ఆ పేజీ దొరికింది. పై నుంచి కిందిదాకా సున్నాలే.

"ఇదేంట్రా?"

"కెర్నెల్ పారేసిందన్నా."

"ఎప్పుడు?"

"ఇందాకే అయ్యుంటుంది."

"నీ చదువు తగలెయ్య!"

తలుపు తాళం అలాగే ఉంది. అమ్మ కంచాలు పెట్టింది. తమ్ముడి వైపు చూడకుండానే వడ్డించింది.

మెమరీలో చోటు చాలకపోతేనే కెర్నెల్ అక్కర్లేని పేజీని పారేస్తుందనీ, అందుకే ఆ పన్నెండూ తెరిచాననీ తమ్ముడు అమ్మకైనా చెప్పలేదు.